గది – మది

“ఇంటిని చూసి ఇల్లాలిని చూడు” అన్నారు మన పెద్దలు. సామెతల పాఠం వచ్చిన ప్రతి సంవత్సరమూ ఈ మాటను తరగతిలో ఉదహరిస్తూనే ఉన్నాము. విద్యార్థులు నవ్వుతారు, విద్యార్థినులు మాత్రం నవ్వరు. ఇంటి మంచిచెడ్డల భారమంతా ఇల్లాలి నెత్తిమీదనే మోపిన ఈ మాటలో అన్యాయం లేకపోలేదు. అయినా అందులో దాగిన సత్యం చిన్నది కాదు. మనిషి నివసించే చోటు ఆ మనిషిని గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. నోరు చెప్పలేనిదాన్ని, ముఖం దాచినదాన్ని ఒక్కొక్కప్పుడు గోడ చెబుతుంది. అయితే ఆ గోడ భాష మనకు చదవడం రావాలి. అది రాక మేము చేసిన తప్పు ఒకటి ఉన్నది. ఆ తప్పును గురించే ఈ నాలుగు మాటలు.

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు ప్రబంధాలలోని పురవర్ణనలను గురించి వ్రాద్దామని సంకల్పించాము. కాగితాలు కూడా ముందు పెట్టుకున్నాము. కాని ఆ వారమే మన వసతిగృహంలో జరిగిన ఒక సంఘటన మా ఆలోచనను వేరే దారి పట్టించింది. కవులు వర్ణించిన మేడలకన్న మనం పడుకుని లేచే గది గురించి చెప్పుకోవడమే ఇప్పుడు అవసరమనిపించింది. ఆ సంఘటనను చివర విన్నవిస్తాము. దానికి ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు. సొంత గోడు వెళ్ళబోసుకుంటున్నామని పాఠకులు భావించకుందురు గాక.

మాది కర్నూలు పాతబస్తీ. తుంగభద్రలో హంద్రీ వచ్చి కలిసే చోట వెలసిన ఊరు. ఇల్లు పాత మిద్దె. నేలకు బేతంచెర్ల నాపరాళ్ళు, రెండు మూరల మందం గోడలు, ఆ గోడలలో అక్కడక్కడ గూళ్ళు. ఆ గూళ్ళను మా ఇంట్లో ‘తాఖ్’ అంటారు. ఒక తాఖ్‌లో దీపం, ఒక దానిలో మా తల్లిగారి సుర్మాదాని, అన్నిటికన్న ఎత్తయిన దానిలో పట్టుగుడ్డలో చుట్టిన ఖురాన్ గ్రంథం. వీధివైపు ఉన్న చిన్న గది మాత్రం మా నాయనగారిది. ఆయన వృత్తి జిల్ద్‌సాజీ, అనగా పుస్తకాలకు అట్టలు కట్టడం.

ఆ గదిలో అడుగు పెడితే ముందుగా పలకరించేది వాసన. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపిన జిగురు వాసన. దానితో పాత కాగితం వాసన. ఒక మూల అట్టల దొంతర, మరొక మూల బరువుగా బిగించే మరచెక్క, గోడకు మేకుల వరుస, ఆ మేకులకు కత్తెర, ఆర, దబ్బనం, తెల్లదారపు ఉండలు. చీకటిలో చెయ్యి చాచినా ఏ పనిముట్టు ఎక్కడున్నదో ఆయనకు తెలుసు. ఫారాలను ఒక్కొక్కటిగా దారంతో కుట్టే పనిని ‘జుజ్‌బందీ’ అనేవారు. “కుట్టు సరిగా ఉంటే అట్ట చిరిగినా పుస్తకం చెదరదు” అన్నది ఆయన నిత్యం చెప్పే మాట. మసీదు నుండి వచ్చిన సిపారాలు, పాఠశాలల నుండి వచ్చిన తెలుగు వాచకాలు, వకీళ్ళ చట్టపుస్తకాలు, ఎవరో వృద్ధుని ఇంటి భాగవతం, అన్నీ ఒకే బల్లమీద పక్కపక్కన ఆరుతూ ఉండేవి. మేము తెలుగు అక్షరాలు దిద్దినది ఆ బల్ల కిందనే. ముస్లిం ఇంటి పిల్లవాడు తెలుగులో ఎం.ఏ. చేయడమేమిటని ఆశ్చర్యపడేవారికి మేము చెప్పే సమాధానం ఆ గదియే.

ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ పుస్తకం ఎవరిది, ఏనాడు ఇచ్చారు, ఏనాడు తిరిగి ఇవ్వాలి అన్నది అందులో ఉర్దూలో వ్రాసుకునేవారు. పరుల వస్తువు మన దగ్గర ఉన్నంతకాలం అది ‘అమానత్’. దాన్ని కాపాడడం ధర్మం, పోగొట్టడం పాపం. మా నాయనగారి దృష్టిలో ఆ గది కేవలం పనిచేసే చోటు కాదు, ఊరివారి నమ్మకాన్ని భద్రపరచిన చోటు.

2009 అక్టోబరు 2. శుక్రవారం, గాంధీ జయంతి. రంజాను పండుగ అయి పది దినాలు దాటింది. అంతకు రెండు మూడు రోజుల ముందు నుండి ఎగువ ప్రాంతాలలోనూ, మా జిల్లాలోనూ కుంభవృష్టి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి చేరిన రోజులవి. అంతటి ప్రవాహం అంతకు మునుపు ఎవరూ ఎరుగనిది. ఊరిలో వీధులు కాలువలైనాయి, కాలువలు నదులైనాయి. మేము అప్పుడు బి.ఏ. చివరి సంవత్సరం. ఇంటిల్లిపాదీ ఎదురింటి రెండంతస్తుల మేడ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాము. మా నాయనగారు మాత్రం మోకాలి లోతు నీటిలో రెండుసార్లు వెనుకకు పోయి, రెండు చేతులకు ఎన్ని పుస్తకాలు పడితే అన్ని తెచ్చారు. మూడవసారి పోనీయలేదు. మేమే ఆయన నడుము పట్టుకుని ఆపాము.

నీరు తీసిన తరువాత ఇంటికి వచ్చి చూస్తే నేల కనబడలేదు, బురద కనబడింది. గోడమీద మా భుజాల ఎత్తున ఒక గీత. దానికింద నలుపు, దానిపైన తెలుపు. జిల్దుగదిలో పుస్తకాలన్నీ ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, ఇటుకల మాదిరి అయినాయి. పాడైన ఖురాన్ ప్రతులను ఆచారం ప్రకారం శుభ్రమైన గుడ్డలో చుట్టి, అడుగు పడని చోట భూమిలో దాచారు. తక్కినవాటిని ఎండలో పెట్టి చూశారు. వేళ్ళతో పేజీ విప్పబోతే పేజీ వేళ్ళకే వచ్చింది. నోటుపుస్తకంలోని సిరా అంతా నీలం మరక అయిపోయింది. పుస్తకాలు ఇచ్చినవారు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ నిష్ఠురమాడలేదు, వారి ఇండ్లూ మునిగినవే కదా! “పోనీ లెండి సాయిబుగారూ, ప్రాణాలు మిగిలాయి” అన్నారు. ఆ ఓదార్పు ఆయన చెవిన పడిందే కాని మనసుకు ఎక్కలేదు.

ఆనాటి నుండి మా నాయనగారు ఆ గదికి గడియ వేశారు. తక్కిన ఇల్లంతా మెల్లమెల్లగా కుదుటపడింది. సున్నం వేశాము, తలుపులు బాగు చేయించాము. ఆ ఒక్క గదికి మాత్రం సున్నం వేయనీయలేదు. మంచాన్ని నడవలోకి తెచ్చుకుని, గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నారు. గడ్డం చేయించుకునే శ్రద్ధ పోయింది. జుమా నమాజుకు తప్ప గడప దాటేవారు కాదు. కొన్నాళ్ళకు అదీ తగ్గింది. తినే అన్నంలో ఉప్పు లేకపోయినా అడిగేవారు కాదు. వీధిలోని వారు గాలి సోకిందన్నారు. బంధువులు వయస్సు మీదపడిందన్నారు. మేము ఏమన్నామో వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. అప్పటికి విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ సెలవులకు వచ్చినవారము. “అబ్బా, ఊరందరికీ వచ్చిన వరదే కదా మనకూ వచ్చింది! అందరూ లేచి పనులు చేసుకోవడం లేదా? మీకెందుకీ సోమరితనం?” అన్నాము. ఆయన ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. సాహిత్యంలో కరుణరసాన్ని గురించి పుటలు పుటలుగా వ్రాసిన మాకు, కళ్ళ ఎదుట గడియ వేసి ఉన్న తలుపు అర్థం కాలేదు.

అది అర్థం కావడానికి మాకు మరొక గది అవసరమైంది.

ఎం.ఏ. పూర్తి అయిన పిమ్మట, 2012లో వేరొక ఊరిలో మాకు మొదటి ఉద్యోగం దొరికింది. అద్దె గది కోసం తిరిగాము. తెలుగు లెక్చరర్ అనగానే ఇంటివారు లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇచ్చేవారు. పేరు చెప్పగానే ఏదో గుర్తుకు వచ్చినట్లు ఆగేవారు. “మా మరదలు వాళ్ళు వచ్చే నెలలో వస్తామన్నారండీ”, “పైన రిపేర్లు ఉన్నాయి సార్.” ఎవరూ పరుషంగా మాట్లాడలేదు. మర్యాదగానే తలుపు వేశారు. ఏడు ఇండ్లు తిరిగిన తరువాత ఎనిమిదవ ఇంట్లో ఒక పెద్దావిడ, ఒంటరిగా ఉండే మనిషి, పేరు విని కూడా “నీళ్ళు పొద్దున ఆరింటికి వస్తాయి, పట్టుకోవాలి మరి” అన్న ఒక్క మాటతో తాళంచెవి చేతిలో పెట్టింది.

అయితే ఆ ఏడు ఇండ్లు మా మనసులో ఉండిపోయినాయి. ఆ గదిలో మేము ఎనిమిది నెలలు ఉన్నాము. గోడకు ఒక్క మేకు కొట్టలేదు. జానమాజ్‌ను ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకుని, నమాజు వేళ తీసి, మరల మడిచి లోపల పెట్టేవారము. మా తల్లిగారు ఇచ్చిన తుగ్రా పటం కట్ట విప్పనే లేదు. పుస్తకాలు అట్టపెట్టెలోనే ఉన్నాయి. వేమన, పోతన, ఉమర్ ఆలీషా, జాషువా అందరూ ఆ పెట్టెలోనే. ఎవరైనా వచ్చి చూస్తే ఈ గదిలో ఎవరు ఉంటున్నారో చెప్పలేరు. అది మాకు కావలసినదే అనుకున్నాము. కాని కొన్నాళ్ళకు ఆ గదిలో ఎవరు ఉంటున్నారో మాకే తెలియనట్లయింది. రైలుస్టేషనులో బండి కోసం కూర్చున్నట్లు ఉండేది. నిద్ర పట్టేది కాదు. సాయంత్రం కళాశాల నుండి ఆ గదికి పోవడానికి కాళ్ళు వచ్చేవి కావు. ఊరికే బస్టాండు వరకు నడిచి తిరిగి వచ్చేవారము. మనిషి తన ఉనికిని దాచుకున్న చోట మనసు నిలవదన్న సంగతి మాకు అనుభవం చెప్పిన పాఠం.

2013లో రంజాను సెలవులకు ఇంటికి వెళ్ళాము. ఒకనాటి మధ్యాహ్నం, ఏదో వస్తువు కోసమని, మా తల్లిగారు జిల్దుగది గడియ తీశారు. వెనుకనే నిలబడి చూశాము. గోడమీద నాలుగేళ్ళ నాటి నీటి గీత అట్లే ఉన్నది. మేకులు ఉన్నాయి, వాటికి ఏమీ లేదు. పనిముట్లన్నీ ఒక గోనెసంచిలో, మూతి కట్టి, మూలన ఉన్నాయి. ఆ ఖాళీ మేకులను చూడగానే మా అద్దెగది గుర్తుకు వచ్చింది. రెండు గదులూ ఒకటే! అక్కడ మేము మమ్మల్ని పెట్టెలో పెట్టి మూత వేసినట్లే, ఇక్కడ మా నాయనగారు తమను తాము సంచిలో పెట్టి మూతి కట్టుకున్నారు. అది సోమరితనం కాదు. అమానత్‌ను కాపాడలేకపోయిన మనిషి తనకు తాను వేసుకున్న శిక్ష. నాలుగేండ్లుగా ఆ తలుపు అదే చెబుతున్నది, మేము వినలేదు.

పండుగ వెళ్ళిన వారమే ఆయనను పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాము. మానసిక వైద్యులు ఎంతో ఓపికతో మాట్లాడారు. ఇది కుంగుబాటు అనే జబ్బు అని, చక్కెర జబ్బుకూ రక్తపుపోటుకూ మందు ఉన్నట్లే దీనికీ మందు ఉన్నదని, నామోషీ పడవలసిన పని లేదని చెప్పారు. మా తల్లిగారు అంతకు ముందే దర్గా నుండి తాయెత్తు తెచ్చి కట్టి ఉన్నారు. డాక్టరుగారు దాన్ని చూసి, “అది ఉండనివ్వండమ్మా, మాత్ర మాత్రం మానవద్దు” అన్నారు. ఆ ఒక్క మాటతో మా తల్లిగారి నమ్మకం ఆయనకు దక్కింది.

మందు పనిచేయడానికి వారాలు పట్టింది. ఈలోపల మా తల్లిగారు ఒక పని చేశారు. గది మొత్తం కడగలేదు. సున్నం మాట ఎత్తలేదు. నడవలో మా నాయనగారి మంచానికి ఎదురుగా ఉన్న తాఖ్‌ను మాత్రం తుడిచి, అందులో ఆర, దబ్బనం, ఒక దారపు ఉండ పెట్టారు. వాటి పక్కన మా అక్కగారి అమ్మాయి రెండవ తరగతి తెలుగు వాచకం, అట్ట ఊడినది, పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. పది దినాలు ఆ పుస్తకం అక్కడే ఉన్నది. పదకొండవనాడో పన్నెండవనాడో అసర్ నమాజు అయిన తరువాత ఆయన, “ఇంట్లో మైదాపిండి ఉన్నదా?” అని అడిగారట. ఫోనులో ఆ మాట చెబుతూ మా తల్లిగారు ఏడ్చారు. మేమూ ఏడ్చాము.

ఆ తరువాత అంతా ఒక్కసారిగా బాగుపడిందని చెప్పము. మంచి రోజులు, చెడ్డ రోజులు కలిసే వచ్చాయి. సంవత్సరంపైగా మందులు వాడారు. తాఖ్ నుండి నడవకు, నడవ నుండి గదికి పని మెల్లగా మరలింది. చివరకు సున్నం వేయడానికీ ఒప్పుకున్నారు. ఒక్క జానెడు చోట మాత్రం నీటి గీతను అట్లే ఉంచి, దాని పక్కన పెన్సిలుతో ‘2-10-2009’ అని వ్రాసుకున్నారు. ఎందుకని అడిగితే, “పోయిన పుస్తకాల పద్దు ఇదొక్కటే మిగిలింది” అన్నారు.

సెలవులు అయి మేము అద్దెగదికి తిరిగి వచ్చిన మరునాడు ఇంటి పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది. “ఏమి సార్, ఇన్నాళ్ళయినా గోడకు ఒక్క మేకయినా కొట్టలేదు? ఉండేవారా, పోయేవారా?” అన్నది. గోడ పాడవుతుందేమోనని అన్నాము. “గోడ నాదయితే మాత్రం, ఉండేది మీరు కదా!” అని కిందికి పోయి సుత్తి, నాలుగు మేకులు తెచ్చి ఇచ్చింది. ఆనాడు తుగ్రా పటం గోడకెక్కింది. జానమాజ్ దండెం మీదికి వచ్చింది. పోతన, ఉమర్ ఆలీషా ఒకే అరలో పక్కపక్కన నిలబడ్డారు. ఆ రాత్రి ఎన్నాళ్ళకో నిద్ర పట్టింది.

మా అనుభవం ఇట్లుండగా, పండితులు ఏమంటారో తెలుసుకుందామని తరువాతి కాలంలో కొంత చదివాము. అమెరికాలో సామ్ గాస్లింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 94 ఆఫీసు గదులను, 83 పడకగదులను పరిశీలించి 2002లో తమ పరిశోధనను ప్రకటించారు. ఆ గదులలో ఉండేవారి ముఖమైనా చూడని పరిశీలకులు, కేవలం గదిని చూసి వారి స్వభావాన్ని అంచనా కట్టారు. కొత్త విషయాల మీద ఆసక్తి, పనిలో క్రమబద్ధత వంటి గుణాలను చాలవరకు సరిగానే చెప్పగలిగారట! మన సామెతకు ఇది శాస్త్రీయమైన వ్యాఖ్యానం వంటిది.

గది మనసును చూపడమే కాదు, మనసును మార్చగలదు కూడా. రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రకటించిన వ్యాసం ఇందుకు నిదర్శనం. పిత్తాశయానికి శస్త్రచికిత్స చేయించుకున్న రోగులలో, కిటికీ నుండి చెట్లు కనబడే గదులలో ఉన్న 23 మందిని, ఇటుక గోడ కనబడే గదులలో ఉన్న మరి 23 మందితో ఆయన పోల్చి చూశాడు. చెట్లను చూసినవారు ఆసుపత్రిలో తక్కువ రోజులు ఉన్నారు. బలమైన నొప్పిమందులు వారికి తక్కువగా అవసరమైనాయి. మందు ఒకటే, వైద్యం ఒకటే, కిటికీ మాత్రం వేరు!

ఇల్లాలి మాటకు వద్దాము. డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెట్టి అనే ఇద్దరు విదుషీమణులు లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగాలు చేసుకునే 30 జంటలను పరిశీలించి 2010లో ఒక వ్యాసం ప్రకటించారు. తమ ఇంటిని చూపుతూ “అంతా చిందరవందర, ఎన్నో పనులు మిగిలిపోయినాయి” అని చెప్పుకున్న స్త్రీలలో, పొద్దు గడిచేకొద్దీ తగ్గవలసిన కార్టిసాల్ అనే ఒత్తిడి రసం తగినట్లుగా తగ్గలేదు; సాయంత్రానికి మనసు మరింత దిగులు పడేది. భర్తలలో ఇది అంతగా కనబడలేదు. ఇల్లు చూసి ఇల్లాలిని తూకం వేసే లోకంలో, ఇంటి అలజడి ఆమె రక్తంలో చేరడంలో వింత ఏమున్నది?

ఇది చదివిన నాడు మా తల్లిగారు గుర్తుకు వచ్చారు. వరద ఆమె ఇంటికి కూడా వచ్చింది. ఆమె పెండ్లి చీరలు, ఆమె తల్లి ఇచ్చిన పాన్‌దాన్ ఆ బురదలోనే పోయినాయి. మా నాయనగారికి గడియ వేసుకోవడానికి ఒక గది ఉన్నది. ఆమెకు ఇల్లంతా తనదే, తనదంటూ ఒక మూల లేదు. మంచం కింద ఒక పెట్టె మాత్రం ఉన్నది. స్త్రీ రచన చేయాలంటే ఆమెకు సొంత ఆదాయం, సొంత గది ఉండాలని వర్జీనియా వుల్ఫ్ 1929లోనే వాదించింది. రచన మాట అటుంచి, ఏడవడానికైనా ఒక తలుపు ఉండవద్దా? “అమ్మీ, నీకెట్లా ఉన్నది?” అని ఆ నాలుగేండ్లలో మేము ఒక్కసారి అడిగిన గుర్తు లేదు. ఈనాడు మా ఇంట్లో కిటికీ పక్కన ఒక కుర్చీ, ఒక బీరువా ఆమెవి. వాటి జోలికి మనవలు కూడా పోరు.

ఇక మొదట చెప్పిన సంఘటన. వసతిగృహం బాధ్యత మాకూ కొంత ఉన్నందున అప్పుడప్పుడు గదులు చూసి రావడం వాడుక. ఒక విద్యార్థి గది మాకు బాగా పరిచయం. గోడకు తల్లిదండ్రుల ఫోటో, చేతితో గీసుకున్న టైంటేబుల్, ఒక క్రికెట్ ఆటగాడి బొమ్మ, కిటికీలో ఒక తులసి మొక్కో మరువమో, ఎప్పుడూ ఆరవేసిన తువ్వాలు. ఆనాడు పోయి చూస్తే ఏమీ లేవు. గోడ నున్నగా ఉన్నది. పుస్తకాలు తాడుతో కట్ట కట్టి ఉన్నాయి. పరుపు చుట్టి ఉన్నది. మొక్క పక్కగదివానికి ఇచ్చేశాడట. మాతో వచ్చినవారు, “చూడండి సార్, గది అంటే ఇట్లా శుభ్రంగా ఉండాలి” అని మెచ్చుకున్నారు. మాకు మాత్రం గుండె జల్లుమన్నది. అది శుభ్రత కాదు, ఖాళీ. ఖాళీ మేకులను మేము అంతకు ముందు రెండు గదులలో చూసినవారము.

ఆ సాయంత్రం అతనిని పిలిచి, చాయ్ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకున్నాము. చదువు ఊసు ఎత్తలేదు. “మొక్కను ఎందుకు ఇచ్చేశావు నాయనా?” అని మాత్రం అడిగాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మాట్లాడడం మొదలుపెట్టి ఇషా వేళ దాకా ఆపలేదు. ఇంటి దగ్గర అప్పులు, తండ్రి అనారోగ్యం, ఫీజు గడువు, పరీక్ష తప్పిన అవమానం. “ఇంక నాకు ఏమీ అక్కరలేదనిపించింది సార్” అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటని సూటిగానే అడిగాము. సూటిగానే చెప్పాడు. ఆ రాత్రి అతనిని ఒంటరిగా ఉండనీయలేదు. తల్లిదండ్రులను పిలిపించాము, వైద్యునికి చూపించాము. కమిటీ పెద్దలకు విన్నవించగా ఫీజు గడువు పొడిగించి ఆదుకున్నారు. ఇప్పుడు తరగతులకు వస్తున్నాడు. పేరు లేకుండా ఈ సంగతి వ్రాయడానికి అతడే అనుమతి ఇచ్చాడు. మొక్క కూడా తిరిగి కిటికీలోకి వచ్చింది.

విద్యార్థులారా! దీనివలన గది చిందరవందరగా ఉన్నవారందరికీ జబ్బు ఉన్నదని తలచవద్దు. కొందరి గది ఎప్పుడూ చిందరవందరే. అందులోనే వారు హాయిగా ఉంటారు. ఒక్క గదిలో ఏడుగురు కాపురముండే ఇండ్ల నుండి మనలో ఎందరో వచ్చారు. అటువంటి ఇంట్లో సర్దుబాటు లేదని ఎవరినైనా తప్పుపట్టడం పేదరికాన్ని తప్పుపట్టడమే. చూడవలసినది చిందరవందరను కాదు, మార్పును. నిన్నటిదాకా సర్దుకునేవాడు నేడు మానుకుంటే, ప్రియమైన వస్తువులను ఒక్కొక్కటే పంచిపెడితే, కిటికీ మూసి గోడవైపు తిరిగి పడుకుంటే, వానిని ఎగతాళి చేయవద్దు, మందలించవద్దు. వాని పక్కన కూర్చుని అడగండి. మేము అడగవలసిన చోట మందలించి నాలుగు సంవత్సరాలు పోగొట్టుకున్నాము. చెప్పుకోవడానికి మనిషి దొరకనివారికి, 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉన్నది. 14416 కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు.

మీ మనసే మీకు బరువైన నాడు, ఇల్లంతా సర్దాలని పూనుకోవద్దు. ఒక గూడు చాలు, ఒక పెట్టె చాలు, మంచం తలాపున జానెడు గోడ చాలు. అక్కడ మీది అన్నది ఒకటి పెట్టుకోండి. మా నాయనగారి దారపు ఉండ వంటిది. ఆ పని వైద్యానికి బదులు కాదు, వైద్యానికి తోడు.

కమిటీ పెద్దలకు మాది ఒక్క మనవి. మన వసతిగృహంలో గోడలకు మేకులు కొట్టరాదన్న నియమం ఉన్నది. గోడల మీద ప్రేమతో పెట్టిన నియమమే. అయినా ప్రతి మంచం తలాపున ఒక చెక్కపలక బిగించి, దానిమీద పిల్లలు తమకు ఇష్టమైనవి తగిలించుకోవడానికి, ఒక్కొక్కరికి తాళం వేసుకునే చిన్న పెట్టె ఉంచుకోవడానికి అనుమతి దయచేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము. విద్యార్థినుల విశ్రాంతి గదికి ఒక కిటికీ తెరిపిస్తే మరీ సంతోషం. ఖర్చు స్వల్పం, ఫలం అధికం.

మా నాయనగారు ఇప్పటికీ జిల్దుగదిలోనే కూర్చుంటారు. చూపు తగ్గినందున రోజుకు ఒకటి రెండు పుస్తకాలకన్న ఎక్కువ చేయలేరు. మన కళాశాల పాత వార్షిక సంచికలను ఈ మధ్య ఆయన దగ్గరకే తీసుకుపోయి ఇచ్చాము. ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలయ్యే ఈ సంచికలను ఎట్లా కుట్టాలో ఆయనకు బాగా తెలుసు. కొత్త నోటుపుస్తకంలో కళాశాల పేరు, తిరిగి ఇవ్వవలసిన తేదీ వ్రాసుకున్నారు. అనుకున్న తేదీకి రెండు రోజుల ముందే, అట్టలు ఆరకముందే, “వచ్చి తీసుకుపో బేటా, అమానత్ ఎక్కువ రోజులు ఉంచుకోకూడదు” అని కబురు చేశారు.